మీటరులో మైనస్ 40, కారులో ఉక్కపోత

ప్రయోక్త: శ్రోతలకు నమస్కారం. వాహనాల మరమ్మతు గురించి మీరు అడిగే సందేహాలకు సమాధానం చెప్పడానికి కార్ల విద్యుత్ వ్యవస్థలో అనుభవమున్న నిపుణులు మనతో ఉన్నారు. మొదటి ఫోను రాజోలు నుంచి. చెప్పండి.

రాజోలు శ్రోత: నమస్కారమండి. మా కారులో బయటి ఉష్ణోగ్రత చూపే అంకె కొంతకాలంగా మైనస్ 40 దగ్గరే నిలిచిపోయింది. అప్పటి నుంచి ఏసీ వేసినా గాలి చల్లబడడం లేదు. గ్యాస్ తగ్గిందన్నారని నింపించాను గానీ ఫలితం లేదు. ఇప్పుడేమో సెన్సార్ మార్చాలంటున్నారు. మార్చేయమంటారా?

నిపుణులు: ఇప్పుడే వద్దండి. మీరు చెప్పిన అంకెలోనే సగం సమాధానం ఉంది. పుష్య మాసపు మంచులో కూడా కోనసీమలో సున్నా డిగ్రీల చలి ఉండదు కదా. ఈ సెన్సార్ వేడి పెరిగేకొద్దీ నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, తగ్గే ఒక చిన్న పరికరం. కారులోని కంట్రోల్ యూనిట్ దానికి సుమారు 5 వోల్టులు పంపి, తిరిగి కనిపించే వోల్టేజీని బట్టి ఉష్ణోగ్రతను లెక్కగడుతుంది. తీగ ఎక్కడైనా తెగితే నిరోధం అంతులేనిదిగా కనబడుతుంది కాబట్టి, యూనిట్ దానిని విపరీతమైన చలిగా భావించి మైనస్ 40 చూపుతుంది. బయట గడ్డకట్టే చలి ఉందనుకున్నప్పుడు చాలా ఆటోమేటిక్ ఏసీలు గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్‌ను తిరగనివ్వవు, అది తిరగకుంటే గాలి చల్లబడదు. గ్యాస్ ఎంత నింపించినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే అయ్యుండవచ్చు. ఈమధ్య ముందు బంపర్ విప్పించారా?

రాజోలు శ్రోత: అవునండి. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టిన రాయి తగిలి బంపర్ పగిలితే మార్పించాం.

నిపుణులు: అయితే ముందుగా అక్కడే చూడాలి. చాలా కార్లలో ఈ సెన్సార్ బంపర్ వెనుక, ఏసీ కండెన్సర్‌కు ముందు ఉంటుంది. కొన్నింటిలో పక్క అద్దం కింద ఉంటుంది. బంపర్ బిగించేటప్పుడు కనెక్టర్ పెట్టడం మరచిపోవడం, తీగ నలిగిపోవడం తరచుగా జరిగేవే. కనెక్టర్ సరిగానే ఉంటే దాన్ని విప్పి లోపలి పిన్నులను టార్చి వేసి చూడండి. సముద్రపు ఉప్పుగాలికీ, చెరువుగట్ల తేమకీ మన ప్రాంతంలో ఆ పిన్నుల మీద ఆకుపచ్చని చిలుము పట్టి, పట్టుకుంటే పొడిగా రాలిపోవడం నేను చాలాసార్లు చూశాను. తీగను ఎలుకలు కొరికి ఉండడానికీ అవకాశం ఉంది.

రాజోలు శ్రోత: చూడడానికి అన్నీ బాగానే ఉంటే ఎలా తేల్చుకోవాలండి?

నిపుణులు: సెన్సార్ కనెక్టర్ విప్పి, తీగల వైపున్న రెండు పిన్నులను ఒక చిన్న తీగముక్కతో కలిపి, తాళం ఆన్ చేసి అంకెను చూడండి. అది మైనస్ 40 వదలి ఒక్కసారిగా బాగా పైకి పోతే తీగలూ, యూనిటూ సరిగా ఉన్నాయని, లోపం సెన్సార్‌లోనే ఉందని అర్థం. కొన్ని కార్లు అంకెను ఆలస్యంగా మారుస్తాయి కాబట్టి యూనిట్‌లోని అంకెలను నేరుగా చదివే స్కానర్‌లో చూస్తే మరింత నమ్మకం. ఏమాత్రం కదలకపోతే కొత్త సెన్సార్ కొన్నా డబ్బు దండగే. తీగ దారి పట్టుకుని వెతకాలి. అయితే అది సెన్సార్ కనెక్టరేనని రూఢి చేసుకున్న తరువాతే ఈ పని చేయండి. ఆ చుట్టుపక్కలే ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించిన పసుపు రంగు కనెక్టర్లు ఉండవచ్చు, వాటి జోలికి అసలు వెళ్ళకండి. తాళం ఆన్‌లో ఉండగా రేడియేటర్ ఫ్యాను ఉన్నట్టుండి తిరగవచ్చు, చేతులు దూరంగా ఉంచండి.

సెన్సార్‌ను విడిగా పరీక్షించాలంటే మల్టీమీటరుతో నిరోధం చూడండి. చాలా రకాలు 25 డిగ్రీల వద్ద 10 కిలో ఓమ్స్‌కు దగ్గరగా ఉన్నా, మీ కారు మాన్యువల్‌లోని విలువే ప్రమాణం. గుప్పిట్లో పట్టుకుంటే నిరోధం మెల్లగా తగ్గాలి, ఐసు నీటిలో పెడితే బాగా పెరగాలి. కదలిక లేకుంటే అది పనికిరాదు.

తీగ తెగిందని తేలితే టేపు చుట్టి వదిలేయనివ్వకండి. చిలుము పట్టిన భాగం కత్తిరించి, సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ వేయించండి. లేకపోతే ఒక్క వర్షాకాలం కూడా గడవదు.

ప్రయోక్త: మరో ఫోను భీమవరం నుంచి.

భీమవరం శ్రోత: మా కారు గేటు దగ్గర ఆగినప్పుడు 46 చూపి, కదిలాక 37కు దిగుతోందండి. ఇదీ సెన్సార్ లోపమేనా?

నిపుణులు: కాదండి. ఆగినప్పుడు ఇంజిన్ వేడీ, తారురోడ్డు సెగా సెన్సార్‌కు తగులుతాయి. బండి సాగి గాలి తగలగానే అంకె దిగుతోందంటే సెన్సార్ తన పని తాను చేస్తోంది. రాత్రంతా నీడలో నిలిపిన కారును తెల్లవారగానే చూసి, ఇంట్లోని థర్మామీటరుతో పోల్చండి. రెండు మూడు డిగ్రీల తేడా ఉంటే పట్టించుకోనక్కరలేదు.