నొప్పి బిళ్ల వేసుకునే ముందు

(అనంతపురం జిల్లాలో శనక్కాయ రైతులు, కూలీల సమావేశంలో ఒక ఫార్మసిస్ట్ చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం.

శనక్కాయ పీకే రోజులొస్తే మన జిల్లాలో మెడికల్ షాపు ముందు ఒకటే మాట: "అన్నా, ఒళ్లు నొప్పులకు రెండు బిళ్లలియ్యి." పొద్దంతా నడుము వంచినోళ్లకు నొప్పి రాకుండా ఎట్లుంటుంది? బిళ్ల వేసుకోండి, కానీ అది ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకుని వేసుకోండి.

కీలు వాచినా, కండ పట్టేసినా ఆ చోట ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు తయారై నొప్పిని పెంచుతాయి. ఆస్పిరిన్ బిళ్ల వాటి తయారీని ఆపుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో కనిపెట్టాడు. 1982లో నోబెల్ అందుకున్నాడు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్లలు కూడా అదే పని చేస్తాయి. చిక్కేమిటంటే, ఆ పదార్థాలే కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడతాయి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా చూసేవీ అవే. ఎండలో చెమటలు కారి, నీళ్లు సరిగా తాగక, పరగడుపున ఈ బిళ్ల మింగితే దెబ్బ కిడ్నీలకు. బీపీకి, షుగర్‌కి మందులు వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. మలం నల్లగా తారులా వచ్చినా, మూత్రం బాగా తగ్గినా బిళ్ల ఆపేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

మామూలు నొప్పికి, జ్వరానికి చాలామందికి ముందుగా పారాసిటమాల్ చాలు. డెంగీ అనుమానముంటే ఇదొక్కటే. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రక్తస్రావం ముప్పు పెంచుతాయి. పారాసిటమాల్ కూడా మోతాదు మించితే లివర్ పాడవుతుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు, సారా, బ్రాందీ తాగేవాళ్లకు ఇంకా తక్కువ. మీ దగ్గరున్న నొప్పి బిళ్లల షీటు వెనక్కి తిప్పి చూడండి. చాలావాటి మీద అసిక్లోఫెనాక్ 100 మి.గ్రా. పక్కన పారాసిటమాల్ 325 మి.గ్రా. అని ఉంటుంది. నొప్పికని అది, జ్వరానికని పారాసిటమాల్ 650 బిళ్ల వేసుకుంటే ఒకే మందు రెండుసార్లు మింగినట్టే. ఇలా జరగడం చాలా చూస్తుంటాం.

షుగర్ వల్ల వచ్చే అరికాళ్ల మంటకు ఇవేవీ పెద్దగా పనిచేయవు. అది నరం నొప్పి. ప్రీగాబాలిన్ లాంటివి డాక్టరే రాయాలి.

ట్రమడాల్ అనే నొప్పి మందు వేరే జాతి, నల్లమందు నుంచి తీసే మార్ఫిన్‌కు చుట్టం. మెదడులో, వెన్నుపాములో నొప్పి కబురును అడ్డుకుంటుంది, అలవాటు కూడా చేస్తుంది. 2018లో దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. అలసట పోతుందని ఎవరిచ్చినా తీసుకోవద్దు.

మార్ఫిన్ మాట మాత్రం గట్టిగా చెప్పాలి. "మార్ఫిన్ ఇచ్చారంటే ఇంక అయిపోయినట్టే" అని భయపడి, క్యాన్సర్ ఉన్నవాళ్లను రాత్రుళ్లు అరుస్తున్నా అట్లే వదిలేస్తున్నారు. నాకు చాలా బాధేస్తుంది. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే అది నొప్పి తగ్గిస్తుంది, నిద్ర పట్టనిస్తుంది. రోగులకు అందాలనే 2014లో ఆ మత్తుమందుల చట్టాన్ని సడలించారు. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే "నొప్పికి మార్ఫిన్ రాస్తారా సార్?" అని నేరుగా అడగండి. దాంతో మలబద్ధకం వస్తుంది, అందుకూ మందు అప్పుడే రాయించుకోండి.