లా పవోని, కేఫలాట్ రోబోట్, ఫ్లెయిర్ 58: లీవర్ ఎస్ప్రెసోలో అసలు తేడా వేడిదే | రివ్యూ

నమస్కారం. చేత్తో లీవర్ నొక్కి ఎస్ప్రెసో తీసే మెషిన్లు మూడు ఇవాళ బల్ల మీద ఉన్నాయి. లా పవోని యూరోపికోలా, కేఫలాట్ రోబోట్, ఫ్లెయిర్ 58. వీటి గురించి ఎవరైనా ముందు అడిగే ప్రశ్న ఒకటే: 9 బార్ల ప్రెషర్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లు) వస్తుందా అని. మూడింట్లోనూ వస్తుంది. అక్కడ వీటిని వేరు చేసి చూడాల్సిందేమీ లేదు. తేడా అంతా వేడిలో ఉంది. నీళ్ళు పొడిని తాకేటప్పుడు ఎంత వేడిగా ఉన్నాయి, రెండో కప్పుకి కూడా అంతే వేడి ఉందా, ఈ రెండూ చూసి కొనండి.

ప్రెషర్ సంగతి ఒక్క లెక్కతో తేల్చేద్దాం. 49 మిల్లీమీటర్ల వెడల్పున్న పిస్టన్ (నీళ్ళని పొడిలోకి నెట్టే దిమ్మ) మీద 9 బార్లు రావాలంటే దాదాపు 170 కిలోల బలం పడాలి. అదే 58 మిల్లీమీటర్లయితే దాదాపు 240 కిలోలు. లీవర్ పొడవు వల్ల మన చేతికి అందులో కొద్ది భాగమే తెలుస్తుంది. అయినా వెడల్పాటి పిస్టన్‌కి బలం ఎక్కువే కావాలి. అందుకే మెషిన్‌ని మీ నడుము ఎత్తులో పెట్టుకోండి, ఒంటి బరువు పైనుంచి పడుతుంది. భుజం ఎత్తులో పెడితే చెయ్యి లాగేస్తుంది, మెషిన్ కదులుతుంది.

ఇక లా పవోని. యూరోపికోలా 1961 నుంచీ ఉన్న డిజైన్. బాయిలర్ 0.8 లీటర్లు. దీని పెద్దన్న ప్రొఫెషనల్‌కి 1.6 లీటర్లు, ప్రెషర్ గేజ్ అదనం. బాయిలర్‌లో ఆవిరి 0.8 బార్ల దగ్గర ఉన్నప్పుడు లోపలి నీళ్ళు 117 డిగ్రీల దాకా ఉంటాయి. కాఫీకి అది చాలా ఎక్కువ. ఆ నీళ్ళు గ్రూప్ హెడ్‌లోకి, అంటే పిస్టన్ ఉండే లోహపు భాగంలోకి వచ్చి, దాని లోహానికి కొంత వేడి వదిలి, 90 పైచిలుకుకి దిగాలి. అంటే నీళ్ళని చల్లార్చే పని గ్రూప్ హెడ్‌ది. అది మరీ చల్లగా ఉంటే కాఫీ పులుస్తుంది. మూడు కప్పులు వరసగా తీసి అది కాలిపోతుంటే చేదు, మాడు వాసన. లా పవోని మీద వచ్చే ఫిర్యాదుల్లో సగానికి సగం ఇక్కడివే.

పద్ధతి ఇదీ. పక్కనున్న గాజు గొట్టంలో నీళ్ళు పైదాకా కనిపించేలా పోయండి, మూత బిగించండి. స్విచ్ వేసి పది నిమిషాలు ఆగండి. ఇప్పుడు స్టీమ్ గొట్టం తెరవండి. ముందు వచ్చేది ఆవిరి కాదు, లోపల ఇరుక్కున్న గాలి. గేజ్ ఉన్న మెషిన్‌లో ముల్లు టక్కున పడిపోవడం చూస్తారు. గాలి పోకుండా ఆ ముల్లుని నమ్మితే ప్రెషర్ కనిపిస్తుంది గానీ నీళ్ళలో వేడి ఉండదు. మూసేసి, మళ్ళీ ప్రెషర్ ఎక్కనివ్వండి. తర్వాత ఖాళీ పోర్టాఫిల్టర్ (పొడి బుట్ట పట్టే పిడి) తగిలించి, కింద కప్పు పెట్టి, లీవర్‌ని రెండు మూడుసార్లు సగం ఎత్తి దించండి. గ్రూప్ వేడెక్కుతుంది. గ్రూప్ మీద అంటించే టెంపరేచర్ స్ట్రిప్ ఒకటి కొనుక్కోండి, ఈ మెషిన్‌కి అంత ఉపయోగపడే వస్తువు ఇంకోటి లేదు. అది 85 దగ్గర ఉన్నప్పుడు మొదలుపెట్టండి, 95 దాటితే ఆగండి. చల్లార్చాలంటే ఖాళీ పోర్టాఫిల్టర్‌ని చన్నీళ్ళలో ముంచి ఒక నిమిషం తగిలించి ఉంచితే చాలు.

పొడి 14 నుంచి 16 గ్రాములు. పోర్టాఫిల్టర్ బిగించాక లీవర్ ఎత్తితే పిస్టన్ కింద గాలి పీల్చుకుంటుంది, ఒత్తిన పొడి పైకి లేచి పగుళ్ళు పడతాయి. దీనికో చిట్కా ఉంది. లీవర్‌ని ముందే కొంచెం ఎత్తి, నీళ్ళు రావడం మొదలయ్యే చోటుకి ఒక్క పిసరు కిందే ఆపి, అప్పుడు పోర్టాఫిల్టర్ బిగించండి. తర్వాత పూర్తిగా ఎత్తి 8 నుంచి 10 సెకన్లు అక్కడే ఉంచండి. నీళ్ళు నిండాలి, పొడి తడవాలి. తొందరపడి దించితే లీవర్ సగం దాకా ఏ అడ్డూ లేకుండా జారిపోతుంది. అది పొడి తప్పు కాదు, పిస్టన్ కింద నీళ్ళకి బదులు గాలి ఉందన్న గుర్తు. ఒక పూర్తి దింపుకి కప్పులో పడేది 30 గ్రాముల చుట్టుపక్కలే. చిన్న కాఫీ. పెద్దది కావాలనుకునేవాళ్ళకి ఇది తగిన మెషిన్ కాదు.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. కాఫీ అయిన వెంటనే పోర్టాఫిల్టర్ తిప్పకండి. లోపల మిగిలిన ప్రెషర్‌తో వేడి కాఫీ పొడి మొహం మీదికి చిమ్ముతుంది. అర నిమిషం ఆగి, నెమ్మదిగా వదులు చేయండి. అలాగే బాయిలర్ మూత వేడి మీద ఎప్పుడూ తీయకూడదు. స్విచ్ ఆపి, స్టీమ్ గొట్టం తెరిచి, ప్రెషర్ పూర్తిగా పోయాకే తీయాలి. మధ్యలో నీళ్ళు అయిపోతే అందుకే అంత ఆలస్యం. నీళ్ళు గాజు గొట్టం అడుగుకి దిగకముందే ఆపేయండి, హీటర్ బయటపడితే పాడవుతుంది.

గ్రూప్ పైభాగంలో, పిస్టన్ కడ్డీ చుట్టూ నీళ్ళు ఊరుతున్నాయా? లీవర్ దించి ఉన్నా కింద చుక్కలు పడుతున్నాయా? సీళ్ళు (నీళ్ళు కారకుండా ఆపే రబ్బరు రింగులు) అరిగాయి. కొత్తవి వేసేముందు పాతవి ఏది ఎటు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి, తిరగేసి వేస్తే మళ్ళీ కారుతుంది. తినే వస్తువులకి పనికొచ్చే సిలికాన్ గ్రీజు మాత్రమే రాయండి. పెట్రోలియం గ్రీజు రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తుంది.

రోబోట్ దగ్గరికి వస్తే ఈ తలనొప్పులు లేవు. బాయిలర్ లేదు, కరెంటు లేదు. లోతైన 58 మిల్లీమీటర్ల బుట్టలో 16 నుంచి 18 గ్రాముల పొడి వేసి, ఒత్తి, పైన జల్లెడ బిళ్ళ పెట్టి, కెటిల్‌లో నీళ్ళు తిన్నగా అందులోనే పోస్తాం. అంచుకి కాస్త దిగువకి ఆపండి. నిండుగా పోస్తే పిస్టన్ దిగేటప్పుడు పొంగి పక్కకి పోతాయి. గేజ్ ఉన్న మోడలే తీసుకోండి, 2 నుంచి 3 బార్ల దగ్గర పది సెకన్లు పట్టి తడపడం కంటికి కనబడుతుంది. తర్వాత 6 నుంచి 9 బార్లు. కాఫీ ధార పలచబడి వేగం పెరిగే కొద్దీ చేతి బలం తగ్గిస్తూ రండి. ముల్లుని 9 దగ్గరే పట్టి ఉంచాలని చివర్లో బలంగా నొక్కితే వగరు వస్తుంది. అయ్యాక మెషిన్ రెండు లీవర్లనీ కొద్దిగా పైకి లేపండి, చుక్కలు ఆగిపోతాయి.

ముదురుగా, మధ్యస్థంగా వేగిన గింజలకి రోబోట్‌ని వేడి చేయనక్కర్లేదు. లేతగా వేగినవాటికి మాత్రం కావాలి. బుట్టలో మరుగుతున్న నీళ్ళు పోసి ఒక నిమిషం ఉంచి, పారబోసి, బాగా తుడిచి, అప్పుడు పొడి వేయండి. నీళ్ళు కూడా మరుగు మీదే పోయండి.

లేత గింజలే రోజూ తాగేవాళ్ళకి ఫ్లెయిర్ 58 నాకు నచ్చుతుంది. నీళ్ళు నిలిచే గదికి కరెంటుతో వేడి అందుతుంది, 85, 90, 95 డిగ్రీలు అని మూడు మెట్లు. నీళ్ళు మాత్రం విడిగా కాచుకోవాల్సిందే. మామూలు 58 మిల్లీమీటర్ల బుట్టలు, ట్యాంపర్లు (పొడిని ఒత్తే సాధనాలు) దీనికి సరిపోతాయి. వరసగా నాలుగు కప్పులు తీసినా వేడి మారదు. పాలు నురగ కట్టాలంటే మాత్రం ఈ రెంటితోనూ కుదరదు, ఆవిరి లా పవోనిలోనే ఉంది.

మూడింట్లో ఏది కొన్నా ముందు గ్రైండర్ సంగతి చూసుకోండి. చేతి గ్రైండరైతే క్లిక్, అంటే పొడి సన్నదనం మార్చే ఒక్కో మెట్టు, చిన్నదై ఉండాలి. కిన్‌గ్రైండర్ కె6లో ఒక క్లిక్ 16 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), వన్‌జెడ్‌ప్రెస్సో జె-అల్ట్రాలో 8. పొడి బరకగా ఉంటే లీవర్ అడ్డు లేకుండా దిగిపోతుంది, పదిహేను సెకన్లలో కప్పు నిండుతుంది, పులుపు. మరీ సన్నగా ఉంటే బరువంతా వేసినా చుక్కలే పడతాయి. అప్పుడు నొక్కడం ఆపేయండి. బలవంతం చేస్తే పిన్నులు వంగుతాయి. ఒక్కసారికి ఒకటి రెండు క్లిక్కులే మార్చండి, పొడి బరువు మార్చకండి. 16 గ్రాములకి 32 గ్రాములు, తడిపిన సమయంతో కలిపి 30 నుంచి 40 సెకన్లు. అక్కడి నుంచి రుచిని బట్టి జరుపుకోవచ్చు.

పాత లా పవోని కొనేవాళ్ళకి ఒక్క మాట. 2000 ప్రాంతానికి ముందు తయారైనవాటికి బుట్ట 49 మిల్లీమీటర్లు, తర్వాతవాటికి 51. సీళ్ళు కూడా వేర్వేరు. అమ్మేవాళ్ళని స్కేలు పెట్టి బుట్ట లోపలి వెడల్పు కొలిచి ఫోటో పంపమనండి, ఆ తర్వాతే ట్యాంపర్‌కీ సీళ్ళకీ ఆర్డర్ పెట్టండి.