వెల్‌నై: 'బాగా దగ్గర' అనే పాత మాట

అందరికీ నమస్కారం. ఇవాళ ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఇంగ్లీషులో 'వెల్‌నై' అని ఒక పాత మాట ఉంది. దాదాపు అని అర్థం. ఇప్పుడది ఎక్కువగా 'ఇంపాసిబుల్' పక్కన కనిపిస్తుంది. 'వెల్‌నై ఇంపాసిబుల్' అంటే దాదాపు అసాధ్యం.

కొత్తగా చదివేవాళ్లు 'వెల్' దగ్గరే ఆగిపోతారు. మంచి అనే అర్థానికి ఇక్కడేం పని? మన 'బాగా' గుర్తు తెచ్చుకోండి. 'బాగా పాడింది' అంటే చక్కగా పాడిందని. 'బాగా పొద్దుపోయింది' అంటే చాలా పొద్దుపోయిందని. వెల్ కూడా ఇక్కడ ఆ రెండో పనే చేస్తోంది. ఇక 'నై' అంటే దగ్గర. రెండూ కలిపితే బాగా దగ్గర! పాత ఇంగ్లీషు కాలం నుంచీ ఈ రెండూ జంటగా వస్తున్నాయి. మనం 'దగ్గరదగ్గర వందమంది వచ్చారు' అంటామే, అక్కడా దూరాన్ని చెప్పే మాటే లెక్కలోకి వచ్చింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఈ 'నై' కుటుంబం. పాత ఇంగ్లీషులో నై అంటే దగ్గర, నియర్ అంటే ఇంకా దగ్గర, నెక్స్ట్ అంటే అన్నిటికన్నా దగ్గర. హై, హయ్యర్, హయ్యెస్ట్ లాగే ఇవీ ఒకే వరస. కాలం గడిచేసరికి నియర్‌లోని 'ఇంకా' జనానికి వినపడకుండా పోయింది. అందుకే దానికి మళ్లీ 'అర్' తగిలించి నియరర్ అన్నారు. నైబర్‌లోనూ మొదటి ముక్క ఈ నైయే. దగ్గర నివసించేవాడని అర్థం. స్పెల్లింగులో పలకని 'జీహెచ్' చూసి పిల్లలు విసుక్కుంటారు. అది ఒకప్పుడు గొంతులోంచి నిజంగా పలికిన హల్లు. జర్మన్‌లో పొరుగువాణ్ణి 'నాఖ్‌బార్' అంటారు, ఆ 'ఖ్' ఇప్పటికీ వినపడుతుంది.

1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, 73వ కీర్తన రెండో వచనంలో, 'ఆల్మోస్ట్', 'వెల్‌నై' రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పాదాలు తప్పడానికి ఆల్మోస్ట్, అడుగులు జారడానికి వెల్‌నై. ఆల్మోస్ట్ పుట్టుకలో ఉన్నది 'ఆల్', 'మోస్ట్'. అంటే మొత్తంలో చాలా భాగం. అది పరిమాణం చూస్తుంది, వెల్‌నై దూరం చూస్తుంది. అందుకే ఆ వచనంలో జారడానికి వెల్‌నై అన్నప్పుడు, అంచుకు బాగా దగ్గరగా వచ్చి ఆగిన పాదం నా కళ్లకు కడుతుంది.