పైకి చెప్పి చేసే పని

గ్రంథాలయ వారోత్సవాలకు వచ్చిన పెద్దలకు, వెనక బెంచీల్లో సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం చిన్న చిన్న అలవాట్లు, వాటి వల్ల కలిగే పెద్ద లాభాలు. ఫోన్ తెరిస్తే చాలు, ఈ విషయం మీద ఉపన్యాసాలు కుప్పలుగా దొరుకుతాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేవమంటారు, చన్నీళ్లు పోసుకోమంటారు, డైరీ రాయమంటారు. నాలుగింటికి లేవడం మా రైల్వే వాళ్లకు కొత్తేమీ కాదు. రాత్రి ఒంటిగంటకు కాల్ బాయ్ వచ్చి తలుపు కొడితే లేచి వెళ్లి బండెక్కినవాళ్లం. దానివల్ల నిద్ర చెడింది తప్ప ఎవరూ మహానుభావులు కాలేదు. లోకో పైలట్‌గా రిటైరైనవాణ్ని కాబట్టి ఇంజిన్లో నేర్చుకున్నదే చెబుతాను. చేసే పనిని నోటితో పైకి చెప్పే అలవాటది. పైసా ఖర్చు లేదు, రెండు సెకన్లు కూడా పట్టదు.

ప్లాట్‌ఫాం మీద నిలబడ్డప్పుడు ఇంజిన్ లోపలికి ఒకసారి తొంగిచూడండి. లోకో పైలట్, అసిస్టెంట్, ఇద్దరుంటారు. బండి కదిలాక వాళ్ల మాటలు మీకు వినబడవు గానీ, వింటే నవ్వొస్తుంది. సిగ్నల్ కనబడగానే చెయ్యి దాని వైపు చాచి ఒకరు గట్టిగా "డిస్టెంట్, డబుల్ ఎల్లో!" అంటారు. రెండోవారు కూడా తన కళ్లతో చూసుకుని అదే మాట తిరిగి చెబుతారు. డిస్టెంట్ అంటే స్టేషన్‌కు ముందుగా వచ్చే సిగ్నల్, డబుల్ ఎల్లో అంటే రెండు పసుపు దీపాలు. ఆ స్టేషన్ దాటేలోపు వరసగా హోమ్ సిగ్నల్, ఆ తర్వాత స్టార్టర్, అడ్వాన్స్‌డ్ స్టార్టర్. మళ్లీ ఇంకో స్టేషన్. కాజీపేట నుంచి బల్లార్షా దాకా, రాత్రయినా పగలయినా, రెచ్నీ రోడ్డు స్టేషన్ దగ్గర అడవిలో ఒక్క ప్రాణి కనబడకపోయినా, ఇదే వరస.

కళ్ల ముందు అంత పెద్ద దీపం వెలుగుతుంటే ఇద్దరూ అరుచుకోవడం దేనికి?

గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 30 మీటర్లు దాటుతుంది. బ్రేకు వేశాక ఆగడానికి కిలోమీటరు దాకా పట్టొచ్చు. కాబట్టి ఎరుపు కనబడ్డాక ఆపుదాం అనుకుంటే కుదరదు. అంతకుముందు వచ్చిన పసుపు దగ్గరే తయారవ్వాలి. అక్కడే చిక్కుంది. అదే దారిలో ఏళ్ల తరబడి తిరిగినవాడికి ఫలానా సిగ్నల్ ఎప్పుడూ ఆకుపచ్చే అని మనసులో ఒక లెక్క పడిపోతుంది. కన్ను పసుపును చూస్తుంది, మనసు మాత్రం రోజూ చూసే ఆకుపచ్చనే చూసుకుంటుంది. నోరు విప్పి రంగు పేరు చెప్పాల్సి వస్తే ఆ రంగును నిజంగా చూడక తప్పదు. చెయ్యి చాచాలంటే ఒళ్లు కూడా కాస్త మేలుకోవాలి. తన గొంతు తన చెవిన పడుతుంది. పక్కవాడు విని సరిచూస్తాడు.

జపాన్ రైల్వేల్లో ఈ పద్ధతిని ఇంకా గట్టిగా పాటిస్తారు. అక్కడి రైల్వే పరిశోధన సంస్థ 1990లలో దీన్ని పరీక్షించి చూసింది. ఊరికే చేస్తే వంద పనులకు 2.38 తప్పులు వచ్చాయి. వేలు చూపించి, పైకి చెప్పి చేస్తే 0.38కి తగ్గాయి. ఆరింట ఒక వంతు అన్నమాట. న్యూయార్క్ మెట్రోలో కూడా 1996 నుంచి బండి ఆగగానే కండక్టర్ కిటికీలోంచి, ప్లాట్‌ఫాం మీద నల్లచారల పలక వైపు వేలు చూపించి, ఆ తర్వాతే తలుపులు తెరుస్తాడు. ఆ పలక ఎదురుగా కనబడిందంటే బండి సరైన చోట ఆగినట్టు. ఈ లాభం తెలిశాక కూడా మనలో చాలామందికి ఒంటరిగా పైకి మాట్లాడాలంటే సిగ్గు. పూజగదిలో దేవుడితో పైకి మాట్లాడేటప్పుడు లేని సిగ్గు గ్యాస్ పొయ్యి దగ్గర ఎందుకో నాకర్థం కాదు.

ఎలాగూ గ్యాస్ అన్నాను కాబట్టి ఇంట్లోకే వస్తాను. ఊరికి బయల్దేరి బస్టాండు దాకా వెళ్లాక "గ్యాస్ కట్టానా?" అని టెన్షన్ పడని ఇల్లాలు ఈ హాల్లో ఉందా? మగవాళ్లకు తాళం దగ్గర అదే పీడ. వెనక్కి వెళ్లి చూస్తే కట్టే ఉంటుంది, వేసే ఉంటుంది. చెయ్యి అలవాటు కొద్దీ ఆ పని చేసేసింది. అప్పుడు మనసు ఇంకెక్కడో ఉంది కాబట్టి చేసిన గుర్తు మిగల్లేదు. రెగ్యులేటర్ తిప్పుతూ "గ్యాస్ కట్టాను, శనివారం పొద్దున" అని పైకి అనండి. బస్టాండులో ఆ మాట గుర్తుకొస్తుంది. రోజును కూడా కలిపి చెప్పండి. లేకపోతే నిన్నటి జ్ఞాపకమూ ఇవాళ్టిదీ కలిసిపోతాయి.

గ్యాస్ సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. ఎల్పీజీ గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోకుండా నేల మీద, మంచాల కింద, గుమ్మాల పక్కన పరుచుకుంటుంది. దానికి సహజంగా వాసన లేదు. మనకు తెలియాలనే వాసనొచ్చే మందు కలుపుతారు. ఆ వాసన తగిలితే లైటు వెయ్యొద్దు, వెలుగుతున్నదాన్ని ఆర్పొద్దు, ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు. తలుపులు కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి బయటికి రండి. రబ్బరు పైపు ఐదేళ్లకోసారి మార్చాలని గ్యాస్ కంపెనీల వాళ్లే చెబుతారు. తయారైన తేదీ పైపు మీదే ముద్రించి ఉంటుంది. ఆ తేదీ చదివినవాళ్లు ఎంతమంది అని అడగను.

పెద్దవాళ్లకు మాత్రల దగ్గర ఇది ఇంకా పనికొస్తుంది. బీపీ మాత్ర వేసుకున్నామో లేదో గుర్తురాక ఎందుకైనా మంచిదని ఇంకోటి వేసుకునేవాళ్లున్నారు. రెండుసార్లు పడితే బీపీ బాగా దిగిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు. షుగరు మాత్రల్లో కొన్ని రెండోసారి పడితే ఇంకా ప్రమాదం. మందుల షాపుల్లో వారం రోజుల గళ్ల డబ్బా దొరుకుతుంది, అది కొనుక్కోండి. గడి తెరిచేటప్పుడు "మంగళవారం, పొద్దున మాత్ర" అని ఇంట్లోవాళ్లకు వినబడేలా అనండి. డబ్బా ఒక సాక్షి, ఇంట్లోవాళ్ల చెవి ఇంకో సాక్షి.

అన్ని అలవాట్లూ ఒక జాతివి కావు. మనసు పెట్టకుండా జరిగిపోవాల్సినవి కొన్ని. ఎక్కడికో పోయిన మనసును పట్టుకొచ్చి నిలబెట్టేవి కొన్ని. సిగ్నల్ రంగును పైకి చెప్పడం రెండో రకం. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే పని చెడుతుంది.

మొదటి రకానికి హెల్మెట్ పట్టీ మంచి ఉదాహరణ. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లే. ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే, హెల్మెట్ వల్ల చావు ముప్పు 42 శాతం, తలకు దెబ్బ తగిలే ముప్పు 69 శాతం తగ్గుతాయని తేలింది. మన ఊళ్లో హెల్మెట్లు లేక కాదు, అవి మోచేతికి వేలాడుతుంటాయి, లేదా పెట్రోల్ ట్యాంకు మీద కూర్చుంటాయి. పోలీసు కనబడ్డప్పుడు మాత్రం తలెక్కుతాయి. అప్పుడు కూడా పట్టీ పెట్టరు. పట్టీ బిగించని హెల్మెట్ మనిషి కంటే ముందు ఎగిరిపడుతుంది. పట్టీ బిగించాలని చట్టంలోనే రాసి ఉంది. ఇక్కడ ఆలోచన అక్కర్లేదు. పట్టీ ‘టక్’మన్నాకే తాళంచెవి తిప్పాలి, అంతే.

చేతులు కడుక్కోవడం కూడా ఆ కోవలోదే. మన ఇళ్లలో ఒక వింత చూడండి. అన్నానికి ముందు చేతుల మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లుకుంటాం. తిన్నాక, నూనె జిడ్డో చేపల కూర వాసనో పోవాలని సబ్బు పెట్టి తోముకుంటాం. సబ్బు కావాల్సింది తినకముందు. 1847లో వియన్నాలో సెమెల్‌వైస్ అనే డాక్టరు పనిచేసిన ప్రసూతి వార్డులో, ఒక్క ఏప్రిల్ నెలలోనే నూటికి 18 మంది బాలింతలు చనిపోయారు. శవపరీక్ష గది నుంచి వచ్చే డాక్టర్లు, విద్యార్థులు క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోవాలని ఆయన పట్టుబట్టాక, జులై నాటికి అది నూటికి ఒకరి దగ్గరకు వచ్చింది. తోటి డాక్టర్లలో చాలామంది మాత్రం తమ చేతులు మురికివంటే నొచ్చుకున్నారు.

భోజనమయ్యాక పదిహేను నిమిషాల నడకనూ ఇందులోనే చేర్చొచ్చు. కండరాలు కదిలేటప్పుడు రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే లాక్కుంటాయి. అందుకే అన్నం తిన్న వెంటనే వేసే అడుగుల విలువ వేరు. పదివేల అడుగులు వేయలేమని ఎవరూ బెంగపడక్కర్లేదు. ఆ లెక్క వైద్యులు తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి పుట్టింది.

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందని కూడా చాలామంది చెబుతారు. 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ తన రోగులను చూసి రాసిన మాట తిరిగి తిరిగి అలా అయింది. లండన్‌లో 96 మంది మీద చేసిన ఒక అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 దాకా పట్టేలా ఉందని లెక్క తేలింది. నాకు నచ్చింది వాళ్లు కనిపెట్టిన ఇంకో విషయం. మధ్యలో ఒక రోజు తప్పితే ఏమీ మునిగిపోదు. ఏకాదశి ఉపవాసం భంగమైనట్టు బాధపడి మొత్తం వదిలేయకండి.

ఇక రెండో రకం గురించి ఒక హెచ్చరిక. పైకి చెప్పడం కూడా కొన్నాళ్లకు మొక్కుబడిగా మారుతుంది. నోరు "గ్రీన్" అంటుంది, కన్ను ఇంకా పైకి లేవదు. ఇది ఇంజిన్లో అందరికీ తెలిసిన ముప్పే. అందుకే రైల్వే ఈ పనిని ఒక్కడి చేతిలో పెట్టలేదు. అసిస్టెంట్ అన్నవాడు ఊరికే వంతపాడటానికి లేడు. పైలట్ చెప్పిన రంగు తప్పయితే కాదని గట్టిగా చెప్పాలి. ఎరుపు వైపు పోతూ పైలట్ పలక్కపోతే, సీనియర్ కదా అని మొహమాటపడకుండా ఎమర్జెన్సీ బ్రేకు వేయాలి. అది అతని హక్కు మాత్రమే కాదు, డ్యూటీ కూడా.

మన ఇళ్లలో లేనిది ఇదే. నాన్న హెల్మెట్ పట్టీ పెట్టకపోతే పదేళ్ల పిల్ల అడగొచ్చా? అడిగితే "నాకు చెప్పేంతదానివయ్యావా?" అంటాం. అత్తగారి మాత్ర సంగతి కోడలు రెండోసారి అడిగితే "నాకేం మతిమరుపా?" అని కోపం. అడిగినవాళ్లకు తిట్లు పడే ఇంట్లో మూడోరోజు నుంచి ఎవరూ అడగరు. అలవాటు మొదలుపెట్టే ముందే, నన్ను అడిగే అధికారం ఫలానావాళ్లకు ఇస్తున్నానని ఇంట్లో అందరి ముందూ చెప్పండి. మా ఇంట్లో ఆ అధికారం మా మనవరాలిది. ఏడేళ్ల పిల్ల. రాత్రి పడుకునే ముందు "తాతా, రెగ్యులేటర్?" అని అరుస్తుంది. నేను వంటింట్లోకి వెళ్లి, చూసి, "రెగ్యులేటర్ ఆఫ్!" అంటాను. కుర్చీలోంచి లేవకుండా ఆ మాట అంటే ఒప్పుకోదు, లేచి చూసి చెప్పమంటుంది.

నా వంతు అయింది. ముందు వరసలో ఇద్దరు ఇందాకటి నుంచి చేతులెత్తి ఉన్నారు. మైకు వాళ్లకివ్వండి.