పనిలోనే పుట్టే ఎరుక: తల్లి దినచర్యను గురించి

సభకు నమస్కారం.

మాతృత్వం మీద మాట్లాడమనగానే మనకు ముందుగా నోట వచ్చే మాటలు త్యాగం, సహనం, దేవత. వేదికల మీద వాటికి ఎన్నడూ కొదవ లేదు. ఈ పూటకు వాటిని పక్కనపెట్టి, పాలు పట్టడం, స్నానం చేయించడం, గుడ్డలు ఉతికి ఆరేయడం, మళ్లీ పాలు పట్టడం వంటి, ఎంత చేసినా చేసినట్టు కనిపించని పనులను గురించి మాట్లాడతాను. ఈ పనులకు విలువ వాటి వెనుక ఏదో మహదాశయం ఉండటం వల్ల వస్తుందని నేను అనుకోను. పదేపదే చేయడం వల్ల ఒక బిడ్డను గురించి కలిగే ఎరుకలోనే వాటి అర్థం ఉందని నా అభిప్రాయం.

పసిబిడ్డ స్నానాన్నే తీసుకుందాం. అమ్మమ్మో నాయనమ్మో పీట మీద కూర్చుని, చీర పైకి దోపుకొని, కాళ్లు బారజాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుంటుంది. నూనె రాసి, కాళ్లూ చేతులూ మెల్లగా సాగదీసి, నలుగు పెట్టి, నీళ్ల వేడిని ముందు తన చేతి మీద చూసుకుని మరీ పోస్తుంది. చివరి చెంబు నీళ్లు బిడ్డ చుట్టూ తిప్పి ‘శ్రీరామరక్ష’ అంటుంది. (ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడాన్నీ, సాంబ్రాణి పొగ పట్టడాన్నీ పిల్లల వైద్యులు వద్దంటారు, ఆ రెండూ మానుకుంటే స్నానానికి వచ్చే లోటేమీ లేదు.) కొత్త తల్లి మొదట్లో దీన్నంతా గుండె చేత్తో పట్టుకుని చూస్తుంది. మెడ నిలవని బిడ్డ, దానికితోడు నూనె జిడ్డు, ఎక్కడ జారిపోతుందోనని ఆమె భయం. కొన్ని వారాలు గడిచేసరికి ఆ తల బరువు ఆమె అరచేతికి అలవాటైపోతుంది. ఒళ్లు నిన్నటికన్నా వెచ్చగా ఉందన్న సంగతి థర్మామీటరు తీయకముందే ఆమె పసిగడుతుంది. చంక మడతలో ఎర్రబడిన చోటూ, ఆరో వారం టీకా వేసిన తొడను తాకగానే బిడ్డ కాలు ముడుచుకునే తీరూ ఆమె కంట పడతాయి. పిల్లల పెంపకం మీద ఎన్ని పుస్తకాలు చదివినా ఈ ఒక్క బిడ్డ సంగతి వాటిలో దొరకదు.

‘అడగందే అమ్మైనా పెట్టదు’ అంటుంటారు. మాటలు రాని బిడ్డ దగ్గర ఈ సామెత చెల్లదు. పుట్టిన తొలి వారాల్లో బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఏడుపు దాకా రాకముందే పిడికిలి నోట్లో పెట్టుకోవడం, పెదవులు చప్పరించడం, తల అటూ ఇటూ తిప్పి వెతుక్కోవడం వంటి ఆనవాళ్లు కనిపిస్తాయి. ఒకటి రెండు రోజులు చూసినవాళ్లకు ఇవి పట్టుబడవు. ఆకలి ఏడుపేదో, నిద్ర ఏడుపేదో, ఊరికే ఎత్తుకోమనే రాగమేదో వేరుచేసి చెప్పగలిగిన తల్లి చేస్తున్నది అక్షరాలా ఆలోచనతో కూడిన పనే.

అమెరికన్ తత్వవేత్త సారా రడిక్ 1989లో వెలువడిన ‘మెటర్నల్ థింకింగ్’ అనే పుస్తకంలో ఈ విషయాన్నే చర్చించారు. బిడ్డ ప్రాణాన్ని కాపాడటం, ఎదుగుదలకు దోహదం చేయడం, నలుగురిలో మెలగగలిగేలా తీర్చిదిద్దడం అనే మూడు బాధ్యతలను నిత్యం మోయడం వల్ల ఒక ప్రత్యేకమైన ఆలోచనా పద్ధతి రూపుదిద్దుకుంటుందని ఆమె వాదించారు. ఈ మూడూ ఎప్పుడూ ఒకే దారిన పోవు. నాలుగేళ్ల పిల్లవాడు జారుడుబల్ల నిచ్చెన ఎక్కుతుంటే ఎక్కనివ్వాలా, దింపేయాలా అని కింద నిలబడిన తల్లి, పడితే దెబ్బ తగులుతుందన్న భయాన్నీ, ఆపితే పిరికితనం వస్తుందేమోనన్న ఆలోచననూ, పక్కనున్న వాళ్లు ఏమనుకుంటారోనన్న సంకోచాన్నీ ఒక్క క్షణంలో బేరీజు వేసుకుని, చివరకు ఏమీ అనకుండా రెండు చేతులూ చాచి ఉంచుతుంది. అలాంటి నిర్ణయాలు ఆమె రోజులో ఎన్ని తీసుకుంటుందో లెక్కపెట్టే పద్ధతి మన దగ్గర లేదు.

గంటలకు మాత్రం లెక్క ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే స్త్రీలు వాటిపై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పనులు చేసే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. ఈ అంకెలను దాటవేసి తల్లి పనిలోని అర్థాన్ని మాత్రమే కీర్తించడం నాకు సమ్మతం కాదు. అర్థం ఉన్నంత మాత్రాన అలసట అబద్ధం కాదు. నిద్ర లేని రాత్రుల్లో ఏ తత్వమూ తోచదు, తోచకపోతే తప్పూ లేదు. ప్రసవం తరువాత వారాల తరబడి దిగులు వీడకపోయినా, బిడ్డను చూసినా ఏ భావమూ కలగకపోయినా అది చికిత్సతో నయమయ్యే జబ్బు కావచ్చు. అప్పుడు ఉపన్యాసాలు కట్టిపెట్టి వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లాలి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరులోనైనా మాట్లాడించాలి.

చేసిన పని వల్లే ఎరుక వస్తుందనుకుంటే, ఆ పని ఎవరు చేస్తే వారికి అది వస్తుంది. రడిక్ కూడా దీన్ని స్త్రీలకే కట్టబెట్టలేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి దొరికే పితృత్వ సెలవు 15 రోజులు, అంటే బొడ్డు ఊడే నాటికి దాదాపు అయిపోతాయి. దానికితోడు తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలన్న మన ఆనవాయితీ వల్ల, తల్లీబిడ్డలు మూడో నెలలోనో ఐదో నెలలోనో తిరిగి వచ్చేదాకా తండ్రి ఆదివారం చుట్టంగా మిగిలిపోతాడు. తీరా బిడ్డ ఇంటికి వచ్చాక ఎత్తుకోబోతే గుక్కపట్టి ఏడుస్తుంది; ‘కొత్త కదా’ అని అందరూ నవ్వుతారు. ఆ కొత్తదనం ఎందుకు వచ్చిందో ఎవరూ అడగరు. పురిటింటికి వెళ్లిన అల్లుడికి కాఫీ ఇచ్చి కుర్చీ వేసే బదులు, అత్తగారు అదే పీట వేసి, కాళ్లు ఎలా చాపుకోవాలో చూపించి, బిడ్డను అతని కాళ్ల మీద పడుకోబెట్టవచ్చు. మర్యాద కాదనేవాళ్లు ఉంటారు. నూనె గిన్నె మాత్రం అతని చేతికే ఇవ్వండి.