విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రానికి చోటు

సభాధ్యక్షులకు, ఆచార్యులకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

మతచరిత్ర, దైవశాస్త్రం విశ్వవిద్యాలయంలో బోధించదగిన విషయాలేనా అన్న ప్రశ్న మీద మాట్లాడమని నన్ను కోరారు. దేవుడు ఉన్నాడో లేడో ఎవరూ నిరూపించలేనప్పుడు ఆయన గురించిన చదువుకు పట్టా ఎలా ఇస్తారన్నది తరచుగా వినిపించే అభ్యంతరం. తేలికగా కొట్టిపారేయవలసిన మాట కాదది. అయితే మతచరిత్రకూ దైవశాస్త్రానికీ ఆ అభ్యంతరం ఒకే విధంగా వర్తించదు కనుక, రెంటినీ విడివిడిగా చూడవలసి ఉంటుంది.

రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ పశ్చిమ సామ్రాజ్యం మీద అధికారాన్ని పోపుకు ధారాదత్తం చేశాడని చెప్పే దానపత్రం ఒకటి మధ్యయుగ ఐరోపాలో శతాబ్దాల పాటు చలామణి అయింది. 1440లో లోరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు అది దొంగపత్రమని తేల్చాడు. అందుకు ఆయనకు ప్రధానంగా తోడ్పడింది లాటిన్ భాష మీద ఉన్న పట్టు. 4వ శతాబ్దపు రోమన్ చక్రవర్తి రాయించిన పత్రంలో ‘సత్రపులు’ అనే పారసీక అధికారులు ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. కాన్‌స్టాంటినోపుల్ నగరం ఇంకా వెలియకముందే అది మతపీఠంగా ఎలా ప్రస్తావనకు వచ్చిందని నిలదీశాడు. ఈ ప్రశ్నల బలాన్ని తూచడానికి క్రైస్తవుడై ఉండనక్కరలేదు, నాస్తికుడై ఉండనూ అక్కరలేదు. వల్లా స్వయంగా క్రైస్తవుడే, తర్వాతి కాలంలో పోపు కొలువులో పనిచేసినవాడే. 1947 నుంచి మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో బయటపడిన ప్రాచీన ప్రతుల విషయంలోనూ జరిగింది ఇదే. అక్కడ దొరికిన, బైబిలులోని యెషయా గ్రంథపు చుట్ట, అంతవరకు తెలిసిన పూర్తి హీబ్రూ ప్రతుల కన్నా సుమారు వెయ్యేళ్లు పాతది. పాఠం ఎక్కడ మారింది, ఎక్కడ మారలేదు అన్నది వేర్వేరు విశ్వాసాల పండితులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని పరిశీలించగలిగారు. మతచరిత్ర శాస్త్రీయమైన చదువు అనడానికి నాకు ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు.

దైవశాస్త్రం దగ్గరకు వచ్చేసరికి వ్యవహారం ఇంత సులువు కాదు. అది ఒక సంప్రదాయం లోపల నిలబడి, ఆ సంప్రదాయం అంగీకరించిన ప్రమాణాలతో తర్కిస్తుంది. న్యాయశాస్త్రం కూడా చాలావరకు చేసేది ఆ పనే కాబట్టి, ప్రమాణగ్రంథం నుంచి మొదలుపెట్టడమే తప్పని నేను అనుకోను. అసలు చిక్కు వేరే చోట ఉంది: పరిశోధన ఏ ముగింపుకు చేరాలో ముందే నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంది? 1979లో హాన్స్ క్యూంగ్ అనే కాథలిక్ ఆచార్యుడికి ఆ దైవశాస్త్రాన్ని బోధించే అనుమతిని వాటికన్ రద్దు చేసింది. ఆయన పనిచేస్తున్న జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం ఆయనను వదులుకోలేదు, కాథలిక్ విభాగానికి వెలుపల ఆచార్యుడిగా కొనసాగించింది. పాండిత్యం నిన్నటిదే, మనిషీ ఆయనే. అయినా బయటి సంస్థ నిర్ణయంతో ఆయన తన విభాగానికి పరాయివాడయ్యాడు. విమర్శకులు వేలెత్తి చూపేది ఇలాంటి చోటనే, అందులో న్యాయం ఉంది.

నెదర్లాండ్స్ 1876 నాటి చట్టంతో దీనికి ఒక దారి వెతికింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం మతాలను చారిత్రకంగా, తులనాత్మకంగా బోధించాలని, సిద్ధాంత బోధనను చర్చి నియమించిన ఆచార్యులు చూసుకోవాలని పని పంచింది. నిజాయితీ గల పంపకమే, కానీ నాకు పూర్తిగా సమ్మతం కాదు. కుమారుడైన క్రీస్తు తండ్రియైన దేవుడితో ఏకతత్త్వం గలవాడా కాదా అన్న వాదం 325లో క్రైస్తవ బిషప్పుల నికేయా సభను కుదిపింది. ఏకతత్త్వమేనన్న ఆ సభ తీర్మానం పక్షాన నిలిచిన బిషప్పు అథనేసియస్ తర్వాత 5 సార్లు ప్రవాసానికి వెళ్లవలసి వచ్చింది. ఆ వాదంలోని తర్కం అందని చరిత్రకారుడికి ఇదంతా పదవుల కోసం జరిగిన కుమ్ములాటగానే తోస్తుంది. రాజకీయం అందులో లేకపోలేదు. కానీ ఒక మనిషి జీవితమంతా పణంగా పెట్టిన వాదాన్ని అర్థం చేసుకోకుండా అతని చరిత్ర రాయడం సగం పనే.

విశ్వాసం ఉన్నవాడు నిష్పాక్షికంగా వాదించలేడన్న అనుమానానికి మన దర్శన సాహిత్యంలోనే సమాధానం ఉంది. పూర్వపక్షాన్ని, అంటే ప్రత్యర్థి వాదాన్ని, దాని పూర్తి బలంతో చెప్పిన తరువాతనే సిద్ధాంతం చెప్పాలన్నది అక్కడి మర్యాద. 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం అనే గ్రంథం మొదలయ్యేదే వేదాన్ని నిరాకరించిన చార్వాకుల వాదంతో. దాని కర్త వేదాంతి. ప్రత్యర్థి ఒప్పుకునేంత చక్కగా ప్రత్యర్థి మాట చెప్పగలగడం దైవశాస్త్ర విభాగానికి మొదటి అర్హతగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కనుక అలాంటి విభాగాన్ని నెలకొల్పే విశ్వవిద్యాలయాన్ని నేను కోరేది రెండు హామీలు. తనకు నమ్మకం లేని సిద్ధాంతాన్ని సరిగా వివరించి, సరిగా ఖండించిన విద్యార్థికి పూర్తి మార్కులు రావాలి. తన సంప్రదాయానికి రుచించని ఫలితాన్ని ఆధారాలతో ప్రచురించిన ఆచార్యుడి ఉద్యోగం నిలవాలి. ఈ రెండూ మౌఖికంగా కాక, మొదటి నియామకానికి ముందే విభాగపు నియమావళిలో రాతపూర్వకంగా ఉండాలి.