ఒకే యాంటీజెన్: జబ్బుకు గుర్తు, టీకాకు ముడిసరుకు

శ్రోతలకు నమస్కారం.

రక్తదాన శిబిరంలో రక్తం ఇచ్చివచ్చిన కొన్నాళ్లకు కొందరికి బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను వస్తుంది. ఒకసారి వచ్చి డాక్టరును కలవమంటారు. గల్ఫ్ ఉద్యోగం కోసం వైద్య పరీక్ష చేయించుకున్నవారికీ, కాన్పుకు పేరు రాయించుకున్న గర్భిణికీ ఇలాంటి కబురే రావచ్చు. చేతికిచ్చిన కాగితం మీద 'హెచ్‌బీఎస్ ఏజీ పాజిటివ్' అని ఉంటుంది. ఆ మనిషికి జ్వరం లేదు, నొప్పి లేదు, కళ్లు పచ్చబడలేదు. అయినా ఆ ఒక్క ముక్కతో ఇల్లంతా బెంబేలెత్తిపోతుంది.

ఆ 'ఏజీ' అన్నది యాంటీజెన్‌కు పొడి అక్షరాలు. కాలేయానికి సోకి కామెర్లు తెప్పించే హెపటైటిస్ బి వైరస్ పైపొరలో ఉండే ప్రోటీను అది. యాంటీజెన్ అంటే ఏమిటో, దాన్ని చూసి మన ఒళ్లు ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

మన రోగనిరోధక వ్యవస్థ ఒక సూక్ష్మజీవిని నిలువెల్లా చూసి గుర్తుపట్టదు. దాని మీద ఉండే ఏదో ఒక ప్రోటీనునో, ఆ ప్రోటీనులోని ఒక చిన్న మెలికనో పట్టుకుని, ఇది నాది కాదని తేల్చుకుంటుంది. అలా పట్టుబడే పదార్థమే యాంటీజెన్. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ప్రతిజనకం అంటారు. సరిగ్గా ఆ మెలికకే అతుక్కునేలా శరీరం తయారుచేసుకునే ప్రోటీను యాంటీబాడీ. యాంటీజెన్ ప్రతిసారీ హాని చేసేదే కానక్కర్లేదు. పుప్పొడిలో యాంటీజెన్ ఉంటుంది, వేరుశనగ గింజలో ఉంటుంది. మన బ్లడ్ గ్రూపులను నిర్ణయించే ఎ, బి అనేవి కూడా ఎర్ర రక్తకణాల మీద ఉండే యాంటీజెన్లే.

హెపటైటిస్ బి యాంటీజెన్‌ను కనిపెట్టిన అమెరికా వైద్యుడు బరూచ్ బ్లంబర్గ్ అసలు కామెర్ల వైరస్ కోసం వెతకలేదు. రకరకాల ప్రజల రక్తంలోని ప్రోటీన్లలో వంశపారంపర్యంగా ఎలాంటి తేడాలుంటాయన్నది ఆయన ప్రశ్న. అందుకు ఆయన ఎంచుకున్న దారి నాకు ఎంతో నచ్చుతుంది. హీమోఫీలియా, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు, ఉన్నవారికి మాటిమాటికీ ఇతరుల రక్తం ఎక్కించాల్సి వస్తుంది. అంతమంది రక్తం ఎక్కినవారి ఒంట్లో, తమకు లేని ప్రోటీన్ల మీద యాంటీబాడీలు తయారై ఉంటాయి కదా అని ఆయన ఊహించాడు.

పరీక్ష చూడటానికి చాలా మామూలుది. గాజు పలక మీద అగర్ జెల్లీ పరిచి చిన్న చిన్న గుంటలు చేస్తారు. ఒక గుంటలో ఆ రోగి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే తేట ద్రవం, పక్క గుంటలో మరో మనిషి సీరం పోస్తారు. రెండూ జెల్లీలోకి మెల్లగా పాకుతాయి. ఒకదానిలోని యాంటీబాడీకి రెండోదానిలో సరిపోయే యాంటీజెన్ ఉంటే, అవి కలిసినచోట పేరుకుపోయి సన్నని తెల్లని గీత పడుతుంది. లేకపోతే జెల్లీ తేటగానే ఉండిపోతుంది. బ్లంబర్గ్, ఆయనతో పనిచేసిన హార్వీ ఆల్టర్ ఇలా పోల్చిచూస్తుండగా, ఒక హీమోఫీలియా రోగి సీరానికీ, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి సీరానికీ మధ్య గీత పడింది. 1965లో దాన్ని 'ఆస్ట్రేలియా యాంటీజెన్' అనే పేరుతో ప్రకటించారు. అది కాలేయ వ్యాధికి సంబంధించినదని తేలడానికి మరికొంత కాలం పట్టింది. మొదట ఈ యాంటీజెన్ లేని ఒక రోగికి తర్వాతి పరీక్షలో అది కనిపించింది. అదే సమయంలో అతనికి హెపటైటిస్ కూడా వచ్చిందని తెలిసింది. అక్కడినుంచి చిక్కుముడి విడిపోయింది. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పుట్టినరోజు జులై 28ని ఇప్పుడు ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నారు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఈ వైరస్ సోకినవారి రక్తాన్ని చూసినవారికి ఒక వింత కనిపించింది. అసలు వైరస్ కణాలు కొన్నే. వాటి చుట్టూ వేలరెట్లు ఎక్కువగా, దాదాపు 22 నానోమీటర్ల వెడల్పున్న గుండ్రని రేణువులున్నాయి. అవి వడ్లలో తాలు లాంటివి: పైన పొట్టు ఉంది, లోపల గింజ లేదు. అంటే పైపొర యాంటీజెన్ తప్ప, వైరస్ పెరగడానికి కావలసిన జన్యుపదార్థం వాటిలో లేదు. సోకిన కాలేయ కణాలు వీటిని కుప్పలు తెప్పలుగా రక్తంలోకి వదులుతాయి. యాంటీబాడీలు తయారైనా ఈ తాలుకే అతుక్కుని ఖర్చయిపోతాయి, అసలు వైరస్ తప్పించుకుంటుంది.

వైరస్ వేసిన ఈ ఎత్తునే శాస్త్రజ్ఞులు టీకాగా మలిచారు. జన్యుపదార్థం లేని రేణువు జబ్బు తెప్పించలేదు. కానీ రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టాల్సిన యాంటీజెన్ అంతా దాని మీద ఉంది. మొదటి టీకాను, వైరస్ సోకినవారి రక్తం నుంచే ఈ రేణువులను వేరుచేసి, శుద్ధిచేసి తయారుచేశారు. 1981లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఆ తర్వాత రక్తంతో పనే లేకుండా పోయింది. ఈ ప్రోటీను జన్యువును ఈస్ట్ కణాల్లో పెడితే, అవే యాంటీజెన్‌ను తయారుచేసిపెడతాయి. అలాంటి టీకా 1986లో వచ్చింది. మన దేశంలో దాన్ని మొదట తయారుచేసింది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన ఆ సంస్థ 1997లో 'శాన్‌వాక్-బి'ని మార్కెట్లోకి తెచ్చింది. విదేశీ టీకా ధర సామాన్యుడికి అందని రోజుల్లో అదెంత పెద్ద పనో ఈనాటి తల్లిదండ్రులకు తెలియాలని నా కోరిక.

టీకా వేశాక కండరంలో జరిగేది ఇది. అక్కడ కాపలా తిరిగే డెండ్రైటిక్ కణాలు యాంటీజెన్‌ను మింగి, తునకలు చేసి, ఆ తునకలను తమ పైభాగాన నిలబెట్టుకుని దగ్గరలోని లింఫు గ్రంథికి చేరతాయి. టి కణాలు, బి కణాలు అనేవి రోగనిరోధక వ్యవస్థలోని తెల్ల రక్తకణాలు. అక్కడ లక్షలాది టి కణాల్లో ఆ తునక సరిపోయేవి ఏవో కొన్నే ఉంటాయి. అవి మేల్కొని, అదే యాంటీజెన్‌ను పట్టుకున్న బి కణాలకు సాయపడతాయి. బి కణాలు పెరిగి యాంటీబాడీలు వదులుతాయి. కొన్ని జ్ఞాపక కణాలుగా ఏళ్ల తరబడి మిగిలిపోతాయి. రెండో డోసు, మూడో డోసు వేసేది ఈ జ్ఞాపకాన్ని గట్టిపరచడానికే. ఒక డోసు వేసుకుని మిగతావి మానేస్తే సగం పని కూడా పూర్తికానట్టే.

మరో సంగతి తెలిసినప్పుడు నాకు చాలా ఆశ్చర్యం వేసింది. ఈ వైరస్ తానుగా కాలేయ కణాలను పెద్దగా చంపదు. కణం పైన వైరస్ యాంటీజెన్ తునక కనిపించినందుకు మన టి కణాలే ఆ కణాన్ని చంపుతాయి. పెద్దవారిలో ఈ దాడి గట్టిగా జరిగి, కామెర్లు వచ్చినా, చాలామందిలో వైరస్ పూర్తిగా పోతుంది. వ్యాధి దీర్ఘకాలం నిలిచిపోయేది నూటికి ఐదుగురిలో కూడా కాదు. అప్పుడే పుట్టిన బిడ్డలో ఆ యాంటీజెన్ మీద పోరాటం సరిగా మొదలే కాదు. అందుకే కాన్పు సమయంలో వైరస్ సోకిన పిల్లల్లో నూటికి 90 మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పైకి ఏ బాధా లేకుండా ఏళ్లు గడిచి, చివరికి కాలేయం గట్టిపడటమో, క్యాన్సరో బయటపడవచ్చు.

ఇక రిపోర్టు సంగతి. హెచ్‌బీఎస్ ఏజీ పాజిటివ్ అంటే వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందని. 'యాంటీ హెచ్‌బీఎస్' పాజిటివ్ అంటే ఆ యాంటీజెన్ మీద యాంటీబాడీలు ఉన్నాయని, అంటే రక్షణ ఉందని. పేర్లు దగ్గరగా ఉన్నా ఒకదానికి చికిత్స గురించి ఆలోచించాలి, రెండోదానికి సంతోషించాలి. మొదటిది వచ్చినవారికి కంచం, గ్లాసు వేరుచేయడం అన్యాయం. కలిసి తింటే, చెయ్యి పట్టుకుంటే ఇది అంటదు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు అంటుతుంది. రేజరు, సూది మాత్రం ఎవరివి వారికే ఉండాలి. ఇంట్లో మిగతావారు పరీక్ష చేయించుకుని టీకా వేయించుకోవాలి.

మన దేశంలో పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు వేసే టీకాల్లో హెపటైటిస్ బి ఒకటి. ఇంటికి వెళ్లాక చూద్దాంలే అని దాన్ని వాయిదా వేయనివ్వకండి. తల్లి పాజిటివ్ అయితే డాక్టర్లు వీలైతే 12 గంటల్లోపే రెండు ఇంజెక్షన్లు ఇస్తారు. ఒక తొడకు టీకా, అంటే యాంటీజెన్. రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్, అంటే మరొకరి ఒంట్లో తయారైన యాంటీబాడీలు. రెండూ ఒకేచోట వేస్తే ఒకదానికొకటి అతుక్కుపోతాయి కాబట్టి వేర్వేరు తొడలకు వేస్తారు. ఇతరుల నుంచి వచ్చిన యాంటీబాడీలు కొన్ని నెలలకే కరిగిపోతాయి. ఈలోగా ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం డోసులు పడుతుంటే బిడ్డ తన సొంత యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. ఈ రెండు ఇంజెక్షన్లూ పడిన బిడ్డకు తల్లి నిశ్చింతగా పాలివ్వవచ్చు.

సెలవు. నమస్కారం.